‘బాగుంది తమ్ముడూ’ అని ఊరుకోకూడదు



పోస్టు పెద్దదే. బస్సులో ఉంటే రాత్రికి చదవండి, కానీ చదవండి. ఈమధ్య మన డిగ్రీ పిల్లలు చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, మన గురించి మనం రాయాలంటే ఎలాగ? మొదలెడతాం గానీ రెండు లైన్ల తర్వాత ఏటీ రావట్లేదు" అని. మాకు తెలిసింది చెప్తాం. మేమేమీ పెద్ద రచయితలం కాదు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సాలూరు వైపుల నుంచి చదువు కోసం కొండ దిగినవాళ్ళం. మాలో సవరలున్నారు, జాతాపులున్నారు, ఒక గదబ చెల్లి ఉంది, ఒక కొండదొర తమ్ముడున్నాడు. రెండేళ్ళుగా ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఎవరో ఒకరి రూములో కూర్చుని, రాసుకొచ్చింది ఒకరికొకరం చదివి వినిపించుకుంటున్నాం. అంతే.

ఈ రెండేళ్ళలో ఒక పెద్ద తప్పు చేశాం. అది చెప్పకుండా మిగతాది చెప్తే అబద్ధం అవుతుంది. ఆ తప్పులో అందరి చెయ్యీ ఉంది. అందుకే ‘నేను’ అని కాకుండా ‘మేము’ అని రాస్తున్నాం.

*ఐదు కాయితాలు, ఒకటే మొదటి లైను*

ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తులో "మీ జీవితం గురించి రెండు పేజీలు రాయండి" అని అడిగారు. మాలో ఐదుగురం పెట్టాం. పంపేముందు ఒకసారి ఒకరిది ఒకరం చూసుకుందాం అని కూర్చున్నాం. మొదటి కాయితం ఇలా మొదలైంది: "నేను ఒక మారుమూల గిరిజన గ్రామంలో నిరుపేద కుటుంబంలో జన్మించాను." రెండోది తీశాం. అదే లైను. మూడోది కూడా అదే. నాలుగో కాయితానికి వచ్చేసరికి నవ్వు ఆగలేదు. ఐదోది రాసిన చెల్లి మాత్రం తన కాయితం వెనక్కి దాచేసుకుంది. అందులో ‘అమాయక గిరిజనులు’ అని కూడా ఉంది మరి.

నవ్వడం అయిపోయాక ఎవరం మాట్లాడలేదు. అయిదు ఊళ్ళు, అయిదు ఇళ్ళు, నాలుగు తెగలు. ఒకరి ఊరు గెడ్డ పక్కన, ఒకరిది మెట్ట మీద. ఒకరి నాన్న కొండచీపుర్లు కట్టి సంతకి మోస్తాడు, ఒకరి అమ్మ అంగన్‌వాడీలో ఆయా. కాయితం మీద మాత్రం అందరం ఒకే ఊళ్ళో ఒకే ఇంట్లో పుట్టాం!

ఆ లైను మాకు ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే దొరికింది. ఆశ్రమ పాఠశాలలో ఆగస్టు 9న రాయించిన వ్యాసాల్లోంచి, పథకాల కరపత్రాల్లోంచి, వానాకాలంలో విషజ్వరాలొచ్చినప్పుడు పేపర్లో వేసే వార్తల్లోంచి. అవన్నీ కింద నుంచి జీపులో వచ్చినవాళ్ళు చూసి రాసినవి. మేము మా గుమ్మంలో నిలబడి కూడా ఆ జీపులోంచే మా ఇంటిని చూస్తున్నాం. మా ఇంట్లో మేము మారుమూల ఎలా అవుతాం? మాయమ్మకి మా ఊరే మొదలు. పాలకొండ దూరం, శ్రీకాకుళం ఇంకా దూరం.

అలా మొదలైంది ఆదివారం కూర్చోవడం.

*మా తప్పు*

మొదటి నెల అంతా "సూపర్", "కేక", "బాగుంది తమ్ముడూ". చదవగానే చప్పట్లు. చప్పట్లు కొట్టడంలో తప్పులేదు, మనవాళ్ళకి అవి దొరికేదే తక్కువ. కానీ నెల తర్వాత చూసుకుంటే ఎవరి రాతా మారలేదు. బాగుందన్న కాయితాన్ని ఎవడు తిరగరాస్తాడు?

దాంతో రెండోవైపుకి పోయాం. మాలో తెలుగు బాగా వచ్చిన ఇద్దరు ముగ్గురం మాస్టార్లం అయిపోయాం. ఎర్ర పెన్ను కొన్నాం. "వొత్తు తప్పు", "ఇది గ్రాంథికం", "చెప్పినాది కాదు, చెప్పింది" అని గీతలు.

అప్పుడు వచ్చాడు మా దోనుబాయి వైపు తమ్ముడు. సవర ఇల్లు. ఇంట్లో సవరే మాట్లాడతారు, బడికొచ్చాకే తెలుగు. వాళ్ళ జీడితోట తాకట్టు పెట్టిన సంగతి రాసుకొచ్చాడు. పేజీన్నర. చదివేటప్పుడు చేతిలో కాయితం వణుకుతోంది. చదవడం అయ్యాక మేము ఆ కాయితం తీసుకుని తప్పులు లెక్కపెట్టాం. 14 వచ్చాయి. అన్నీ సున్నా చుట్టి, ఇదిగో తమ్ముడూ అని ఇచ్చాం. సాయం చేశామనే అనుకున్నాం.

తోట గురించి ఒక్కరం కూడా ఒక్క మాట అడగలేదు.

తమ్ముడు కాయితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. టీ తాగాడు. వెళ్ళాడు. వచ్చే ఆదివారం రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. ఫోన్ చేస్తే "రికార్డులున్నాయి అన్నా" అన్నాడు. మూడు నెలలు రాలేదు. తర్వాత తెలిసింది. చిన్నప్పుడు బడిలో ఒక మాస్టారు వీడి నోటు పుస్తకం పైకెత్తి, వీడు రాసిన తెలుగుని క్లాసందరి ముందూ యాస పెట్టి చదివి నవ్వించాడంట. మేము ఆ మాస్టారులాగ నవ్వలేదు. కానీ కాయితంలో ఆయన చూసిందే మేమూ చూశాం.

*గిడుగు వారి చెవులు*

తప్పు తెలిశాక ఏం చెయ్యాలో తెలీలేదు. మాలో తెలుగు ఎమ్మే చదివే అన్న ఒకరు గిడుగు వెంకట రామమూర్తి గారి సంగతి తీశారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని దండలు వేస్తారు కదా, ఆయనే. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేశారు. ఆయన పుట్టినరోజున మనం తెలుగు గురించి మాట్లాడుకుంటాం గానీ ఆయన సగం జీవితం సవర భాషకి ఇచ్చారన్నది మనవాళ్ళకే సరిగా తెలీదు.

సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన మన భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగారు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లోను, నిఘంటువులు 1933లోను, 1938లోను అచ్చయ్యాయి. ఇంకో సంగతి మాకు బాగా గుచ్చుకుంది. కొండల్లో తిరుగుతున్నప్పుడు మలేరియా పట్టుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయనకి చెవుడు వచ్చింది. మన మాట వినడానికి వచ్చిన మనిషి వినికిడి పోగొట్టుకున్నారు. మాకు చెవులు బాగానే ఉన్నాయి, మా తమ్ముడు ఎదురుగా కూర్చుని చదివితే మాకు వొత్తులే వినపడ్డాయి.

అదే గిడుగు గారు తెలుగులో ఏం కోసం పోట్లాడారో కూడా తెలిసిందే. మనుషులు మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు ఉండాలి, పిల్లలు అదే రాయాలి అని. విజయనగరంలో ఆయనతో కలిసి చదువుకున్న స్నేహితుడు గురజాడ అప్పారావు గారు అలాగే రాసి చూపించారు. గురజాడది మాకు పనికొచ్చిన ముక్క ఇంకోటుంది. ‘కన్యాశుల్కం’ 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, జనం మెచ్చుకున్నారు. అయినా ఆయన ఊరుకోలేదు. తిరగరాశారు. 1909లో వచ్చింది దాదాపు కొత్త నాటకం. ఇప్పుడు మనం చదివేది ఆ రెండోదే. పన్నెండేళ్ళు! మనమేమో వాట్సాప్‌లో టైపు చేసి వెంటనే పంపేస్తాం.

శ్రీకాకుళంలో కథానిలయానికి కూడా ఒక రోజు వెళ్ళాం. కాళీపట్నం రామారావు మాస్టారు, అందరూ కారా మాస్టారు అంటారు, 1997 ఫిబ్రవరి 22న తెరిచిన లైబ్రరీ అది. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్నది ఆయన కోరిక. 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన మనిషి, 2021 జూన్‌లో వెళ్ళిపోయేదాకా కొత్తగా రాసేవాళ్ళ కథలు చదివి మాట్లాడుతూనే ఉండేవారని అక్కడికి వచ్చే పెద్దలు చెప్తారు. అక్కడ బీరువాల మధ్య నిలబడి, మన కొండల మీద ఎవరెవరు రాశారా అని చూశాం. రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు, మంచి మనసుతో రాసినవాళ్ళూ ఉన్నారు. మనవాళ్ళు రాసినవి చాలా తక్కువ. మన మల్లిపురం జగదీశ్ గారి ‘శిలకోల’ కథలు చేతిలో పట్టుకున్నప్పుడు మా గుమ్మలక్ష్మీపురం చెల్లి "ఇందులో మావూరి మాటలున్నాయి" అని పేజీలు ఆపకుండా తిప్పింది.

*తమ్ముడి ఊరికి*

ముగ్గురం తమ్ముడి ఊరికి వెళ్ళాం. సీతంపేట దాటి, ఆటో దిగి, గెడ్డ దాటి నడక. పనసకాయల కాలం. వాళ్ళమ్మ చోడి అంబలి పోసింది. తమ్ముడు మమ్మల్ని చూసి ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత కొండ ఎక్కించి తోట చూపించాడు. అక్కడ చెట్టు కింద కూర్చుని మేమడిగాం, "తప్పయిపోయింది తమ్ముడూ, కాయితం మళ్ళీ చదువుతావా?"

కాయితం లేదన్నాడు. నోటితోనే చెప్పాడు. కొంత తెలుగు, మాట దొరక్కపోతే సవర. మాలో సవర వచ్చిన అక్క మిగతావాళ్ళకి చెప్పింది. అప్పుడు మొదటిసారి ప్రశ్నలడిగాం. "ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది కదా, గిరిజనేతరుడికి భూమి ఎలా పోతుంది?" భూమి పోలేదన్నాడు. మూడేళ్ళ కాపు పోయింది. పిక్కలు వాళ్ళవి, చెట్లు మనవి. కాయితం ఏదీ లేదు, నోటిమాటే. "కాయితం లేకపోతే మీ నాన్న ఎందుకు వదిలేశాడు?" మాట ఇచ్చినాడు కాబట్టి అన్నాడు.

అప్పుడు మా చెల్లి ఇంకోటి అడిగింది. "తాకట్టు ఎందుకు పెట్టారన్నా?"

తమ్ముడు నోరు తెరిచి, ఆగిపోయాడు. కాయితంలో ‘ఆర్థిక ఇబ్బందుల కారణంగా’ అని రాశాడు. ఆ ఇబ్బంది ఏటో వాడికీ తెలీదు. ఎప్పుడూ అడగలేదు. ‘ఆర్థిక ఇబ్బందులు’ అన్న మాట ఎంత మంచి మూతో అప్పుడు తెలిసింది. కింద ఏముందో రాసినవాడికి కూడా కనపడనివ్వదు.

మేము వచ్చేశాక వాడు వాళ్ళ నాన్నని అడిగాడు. ఆయన చెప్పలేదు. "అయిపోనాది కదా, ఇప్పుడెందుకు" అన్నాడు. వారం తర్వాత వాళ్ళమ్మ చెప్పింది. డబ్బు వీడి కోసమే. వీడు ఇంటర్‌కి కిందికి దిగిన ఏడు, సీటు రాక ప్రైవేటులో చేరి, రూము తీసుకున్న ఏడు.

ఆ రాత్రి వాడు మాకు ఫోన్ చేశాడు. "అన్నా, నేనింక ఇది రాయను" అన్నాడు. రాయమని మేము బలవంతం చెయ్యలేదు. చప్పట్లు కొట్టే రోజుల్లో అయితే "రాయి తమ్ముడూ, అదిరిపోద్ది" అనేవాళ్ళం. ఈసారి "సరే, ఆదివారం ఊరికే రా" అన్నాం. వచ్చాడు. రెండు ఆదివారాలు ఊరికే విన్నాడు. మూడో ఆదివారం తీసుకొచ్చాడు.

ముందు రాసింది ఇది:

"మా తండ్రిగారు ఆర్థిక ఇబ్బందుల కారణంగా మాకు జీవనాధారమైన జీడిమామిడి తోటను తాకట్టు పెట్టవలసి వచ్చింది. దీనివల్ల మా కుటుంబం అనేక కష్టాలను ఎదుర్కొన్నది."

తర్వాత రాసింది ఇది. వాడు ఒప్పుకున్నాకే పెడుతున్నాం:

"ఎండలు ముదిరితే పిక్కలు రాల్తాయి. ఆ ఏడూ రాలినాయి. మాయమ్మ గంప పట్టుకుని బయల్దేరింది. మాయయ్య గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాడు. ‘ఈ ఏడు మనం ఏరకూడదు’ అన్నాడు. అమ్మ గంప దింపలేదు. ఇంటి ముందర నుంచి తోట కనిపిస్తాది. ఎవరివో గుంటలు ఏరతన్నారు. నేను సెలవులకి వచ్చినాను. నా బేగులో కాలేజీ రసీదు ఉంది. ఆ రెండూ ఒకటేనని నాకు అప్పటికి తెలీదు."

చదవడం అయ్యాక ఎవరం వొత్తుల గురించి మాట్లాడలేదు. ‘రాలినాయి’ని ‘రాలాయి’ చెయ్యమని కూడా అనలేదు. వాళ్ళింట్లో తెలుగు మాట్లాడితే అలాగే మాట్లాడతారు.

*"ఏడిసినానని రాయకు"*

ఇక్కడితో అయిపోలేదు. ఆ కాయితంలో వాళ్ళ నాన్న ఉన్నాడు. ఆయనకి చదువు రాదు. ఆయన బతుకు కాయితం మీద ఉంటే ఆయనకి తెలియక్కర్లేదా? ఇంతకాలం బయటివాళ్ళు మన ఫొటోలు తీసి, మన గురించి రాసి, మనకి చూపించకుండా పట్టుకుపోయారని మనమే తిట్టుకుంటాం. మనింట్లో మనం అదే పని చెయ్యొచ్చా?

తమ్ముడు వెళ్ళి, నాన్నకి సవరలోకి మార్చి చదివి వినిపించాడు. ఆయన బీడీ కాలుస్తూ మొత్తం విన్నాడు. చివరికి, "అప్పు సంగతి రాయి. మాట తప్పలేదని రాయి. తోటలో ఏడిసినానని మాత్రం రాయకు" అన్నాడు. రాత్రిపూట తోటలో నాన్న ఏడవడం వాడు చూశాడు, అది చివర్లో రాశాడు. మాకందరికీ బాగా నచ్చింది కూడా అదే.

ఆ ఆదివారం మాలో పెద్ద వాదన. ఒకరు నిజం కదా, తీసేస్తే ఎలా అన్నారు. ఇంకొకరు ఆ కన్నీళ్ళు ఆయనవి, నీవి కావు అన్నారు. సాయంత్రం దాకా తేలలేదు. తేల్చాల్సింది మేము కాదు కూడా. తమ్ముడే తీసేశాడు. దాని బదులు ఒక్క లైను పెట్టాడు: "ఆ రాత్రి మాయయ్య చాలాసేపు ఇంటికి రాలేదు." ముందు రాసిన పేరా కంటే ఆ లైనే మాకు ఇప్పటికీ గుర్తుంది.

*కన్నీళ్ళే అడిగేవాళ్ళు*

ఇది ఇంకో చెల్లి సంగతి. వాళ్ళ ఊరికి రోడ్డు లేదు. వాళ్ళక్కని కాన్పుకి డోలీలో మోసుకెళ్ళారు. అది రాసి ఒకచోటికి పంపితే, "ఇంకొంచెం బాధ కావాలి" అని తిరిగొచ్చింది. చెల్లి మా దగ్గర తల పట్టుకుంది. ఆ రోజు డోలీ మోసిన నలుగురిలో వాళ్ళ బావ ఒకడు. దారంతా వాళ్ళక్క నొప్పుల్లో కూడా "నెమ్మదిగా నడవరా, పెళ్ళికూతుర్ని మోస్తున్నావు" అని తిడుతుంటే మోసేవాళ్ళు నవ్వారంట. చెల్లి ఆ నవ్వు రాసింది. పంపినచోట అదే అడ్డమైంది.

మేము అడిగాం: "ఆ నవ్వు తీసేస్తే మీ అక్క మిగులుతుందా?" మిగలదంది. అయితే ఉంచు అన్నాం. ఉంచింది. రోడ్డు లేకపోవడం ఘోరమే, అందులో మాటే లేదు. కానీ డోలీలో ఉన్నది ఒక మనిషి అని తెలిస్తేనే కదా, చదివినవాడికి రోడ్డు ఎందుకు కావాలో తెలిసేది.

కేరళలో నారాయణ్ అనే ఆదివాసీ రచయిత ఉండేవారు. మలయరయ తెగ, పోస్టాఫీసులో ఉద్యోగం. ఇతరులు రాసిన కథల్లో ఆదివాసీలు ఉన్న తీరు నచ్చక తానే రాయడం మొదలెట్టి, 1998లో ‘కొచ్చరేత్తి’ అనే నవల అచ్చు వేశారు. దానికి కేరళ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పోస్టాఫీసులో స్టాంపులు గుద్దుతూ ఆయన రాయగలిగితే, చేతిలో ఫోన్ పెట్టుకుని మనం రాయలేమా?

*ఇప్పుడు మేము ఎలా కూర్చుంటాం*

చాలామంది అడిగారు కాబట్టి చెప్తున్నాం. మీ ఊళ్ళో, మీ హాస్టల్లో, నలుగురుంటే చాలు.

రాసినవాళ్ళే గట్టిగా చదవాలి. కళ్ళతో చదివితే దొరకనిది నోటితో చదివితే దొరుకుతుంది. నాలుక ఎక్కడ తడబడిందో అక్కడ సాధారణంగా మనది కాని మాట ఉంటుంది.

విన్నవాళ్ళు ముందు తమకి కనపడింది చెప్పాలి. "నాకు గంప కనపడింది", "రసీదు కనపడింది" అని. బాగుంది, బాలేదు అనొద్దు. ఎవరికీ ఏమీ కనపడకపోతే అది కూడా రాసినవాళ్ళకి తెలుస్తుంది.

తర్వాత ఒక్కొక్కరు ఒక్క ప్రశ్న. నిజంగా తెలుసుకోవాలనుకున్నదే అడగాలి. రాసినవాళ్ళు వెంటనే జవాబు చెప్పక్కర్లేదు. చాలా ప్రశ్నలకి జవాబు ఇంటికెళ్తే గానీ దొరకదు.

పెద్ద మాట కనిపిస్తే మూత తీయమనాలి. ‘ఆర్థిక ఇబ్బందులు’, ‘వెనుకబాటుతనం’, ‘అనేక కష్టాలు’, ‘మారుమూల’. ఈ మాటలు నిషేధం అని చెప్పట్లేదు. వాటి కింద ఏముందో ఒకసారి చూసి, అప్పుడు ఉంచాలనిపిస్తే ఉంచండి.

వొత్తులు, దీర్ఘాలు ఆఖర్న చూస్తాం. చూడకుండా మాత్రం ఉండం. ఉద్యోగానికి, దరఖాస్తుకి పంపే కాయితంలో తప్పులుంటే నష్టపోయేది మనమే. కానీ అది పక్కన కూర్చుని ఇద్దరూ చేసుకునే పని. అందరి ముందూ ఎర్ర సున్నాలు చుట్టడం మానేశాం. ఆ పెన్ను ఇప్పుడు రూము అద్దె లెక్కలకి వాడుతున్నాం.

కాయితంలో ఉన్న మనుషులకి చదివి వినిపించాలి. వాళ్ళు వద్దంటే ఆ ముక్క వద్దు. చనిపోయినవాళ్ళ గురించి అయితే ఇంట్లో పెద్దవాళ్ళని అడగాలి. ఇంకోటి, రూములో చదివింది రూము దాటకూడదు. ఒకసారి ఒకరు మంచికే అనుకుని ఒక చెల్లి కాయితం ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టారు. ఆ చెల్లి ఇంటికి ఫోన్లు వెళ్ళాయి. ఆ గొడవ తీరడానికి నెల పట్టింది.

భాష గురించి ఒక మాట. ఏ భాషలో వస్తే ఆ భాషలో మొదలెట్టండి. సవరకి 1936లోనే మంగయ్ గొమాంగో గారు సొరంగ్ సొంపెంగ్ అని సొంత లిపి తయారు చేశారు. మన వైపు బడి పుస్తకాలు తెలుగు అక్షరాలతో ఉన్నాయి. గొంతులో టక్కున ఆగే ఆ సవర శబ్దం తెలుగు అక్షరాల్లో ఇమడదు, అందుకని మావాళ్ళు ఎవరికి తోచిన గుర్తు వాళ్ళు పెట్టుకుంటున్నారు. ఇమడలేదని ఆగిపోకండి. సవర మన తెలుగు కుటుంబం భాషే కాదు, ముండా భాషల చుట్టం. వాక్యం తెలుగులో వంకరగా వచ్చిందంటే వెనక ఇంకో భాష నిలబడి ఉందన్నమాట. జాతాపు పిల్లలు మాకు భాష పోయింది, మేమేం రాస్తాం అంటారు. మీ నాయనమ్మ మాట్లాడే తెలుగు ఉంది కదా. అది ఏ పుస్తకంలో ఉందో చూపించండి చూద్దాం.

*స్కాలర్‌షిప్ సంగతి*

ఐదుగురిలో ఇద్దరికి వచ్చింది. తమ్ముడికి రాలేదు. ఈ పోస్టు చదివి వచ్చే ఉంటుంది అనుకుంటారని చెప్తున్నాం. ఆ రోజు వాడు మా అందరికంటే మామూలుగా ఉన్నాడు. మేమే బాధపడ్డాం. మంచిగా రాస్తే డబ్బులొస్తాయని మేమెవరికీ చెప్పం.

మూడేళ్ళ గడువు అయిపోయింది. మొన్న ఎండాకాలం పిక్కలు వాళ్ళే ఏరుకున్నారు. మేము కూడా ఇద్దరం వెళ్ళి ఏరాం. పిక్క తుంచితే పాలు తగిలి వేళ్ళు బొబ్బలెక్కాయి. వాళ్ళమ్మ మా చేతులు చూసి నవ్వింది. వాళ్ళ నాన్న లోపలికెళ్ళి ట్రంకుపెట్టె తీశాడు. అందులో అటవీ హక్కుల పట్టా, రేషన్ కార్డు, వాటి కింద ఒక పాలిథిన్ కవర్లో తమ్ముడు రాసిన రెండు పేజీలు. "అప్పుకి కాయితం లేదు. ఇదే కాయితం" అన్నాడు.

ఆయనకది చదవడం రాదు. అందులో ఏముందో మొత్తం తెలుసు.

మీ దగ్గర సగం రాసి వదిలేసినవి ఉంటాయి. ఉంటాయని మాకు తెలుసు, మా దగ్గరా ఉన్నాయి. వచ్చే కందికొత్తల పండక్కి ఇంటికెళ్ళినప్పుడు ఆ సగం కాయితం పట్టుకెళ్ళండి. ఇంట్లో వాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి. తిరిగొచ్చాక ఒక పేజీ రాయండి, పక్కనున్న ఇద్దరికి చదివి వినిపించండి. వాళ్ళు "బాగుంది" అంటే వదలకండి. "నీకేం కనపడింది?" అని అడగండి.

ఆదివారం మధ్యాహ్నం మా రూము తలుపు తీసే ఉంటుంది. టీ పొడి మాత్రం మీరే తెచ్చుకోవాలి.

జోహార్!